సమస్య: తోక లేని వార్త తొలగిపోవు

నిర్వాహకుడు: ఇది ఆటవెలది నాలుగో పాదం. నిజకేంద్రక కణాల్లో (కేంద్రకం ఉన్న కణాల్లో) జన్యువు నుంచి నకలు దిగిన ఆర్ఎన్ఏ, ప్రోటీన్ తయారీకి వెళ్ళేలోపు ఎలా ముస్తాబవుతుందో చెప్పాలి. ఇక్కడ వార్త అంటే ఆ ఆర్ఎన్ఏ, తోక అంటే దాని చివర అతికే అడెనిన్ (ఏ) అక్షరాల వరుస. యతి తప్పకూడదు, సైన్సూ తప్పకూడదు.

మొదటి పూరణ:

తలకు టోపి పెట్టి తగని ముక్కలు కోసి
యడెనినులను చివర నతికినపుడె
గడప దాటనిచ్చు కణకేంద్రకము దాని
తోక లేని వార్త తొలగిపోవు

నిర్వాహకుడు: ధార బాగుందమ్మా. "తగని" దగ్గర మాత్రం ఆగాను. ఏ ముక్క ఉండాలో, ఏది పోవాలో కణాన్ని బట్టి మారుతుంది. కాల్సిటోనిన్ జన్యువు నకలులో థైరాయిడ్ ఉంచుకున్న ముక్కనే నాడీకణం కోసేస్తుంది. అక్కడ కాల్సిటోనిన్ అనే హార్మోన్, ఇక్కడ సీజీఆర్పీ అనే వేరే పెప్టైడ్ (చిన్న ప్రోటీన్) వస్తాయి. "తగిన ముక్కలు" అనండి. గుడి ఒక్క అక్షరం ముందుకు జరిగితే చాలు, గణం చెడదు.

మొదటి సభ్యురాలు: గుడి జరిగితే అర్థమే మారిపోయింది! కణం చేసేదీ అదేనండీ, అక్షరాలు అవే ఉంచి కూర్పు మార్చడం.

రెండో పూరణ (కొత్త సభ్యుడు):

జన్యువందె తోక చక్కగా వ్రాసుండు
నకలు తీయు వేళ వచ్చు నదియు
దాని కోసినపుడు తప్పును ప్రోటీను
తోక లేని వార్త తొలగిపోవు

మొదటి సభ్యురాలు: తమ్ముడూ, రెండో పాదంలో న-వ యతి కుదరదు. "వ్రాసుండు" కాదు, "వ్రాసియుండు". అసలు తప్పు విషయంలో ఉంది. జన్యువులో ఉండేది తోక కాదు, దాని గుర్తు. నకలులో అది ఏఏయూఏఏఏ అని ఉంటుంది. అది దాటాక 10-30 అక్షరాల దూరంలో ఆర్ఎన్ఏ తెగుతుంది. అప్పుడు పాలీ-ఏ పాలిమరేజ్ అనే ఎంజైమ్ ఏ మూసా చూడకుండా, క్షీరదాల్లోనైతే సుమారు 200 అడెనిన్లు అతుకుతుంది. ఇలా మార్చి చూడండి:

గుర్తు జన్యువందు, కూర్పు వెలుపలిది
నకలు ముగియు వేళ నడచి వచ్చు

కొత్త సభ్యుడు: ధన్యవాదాలు అక్కా. వరుసగా అన్ని అడెనిన్లంటే మూస చూసే రాస్తుందనుకున్నాను.

మూడో పూరణ: సమస్యే పూర్తిగా నిజం కాదండీ. జంతుకణాల్లో డీఎన్ఏ రెట్టింపయ్యే దశలో పుట్టే హిస్టోన్ (డీఎన్ఏ చుట్టుకునే ప్రోటీన్) వార్తలకు ఈ తోక ఉండదు. చివర కాడలా లేచి ముడిపడిన ఆకారం ఉంటుంది, దాన్ని ఒక ప్రోటీన్ పట్టుకుని కాపాడుతుంది.

ముడిని దాల్చి నిలుచు మొనను హిస్టోనుది
తోక మాట లేదు దూత కచట
విడిగ దాని నెంచి వినుడు తక్కినవాట
తోక లేని వార్త తొలగిపోవు

నిర్వాహకుడు: "తక్కినవాట" అని నా పాదాన్ని నిలబెట్టారు! టోపీ దగ్గర మాత్రం ఎవరూ ఆగలేదు. నకలు 20-30 అక్షరాల పొడవు వచ్చేసరికే దాని మొదట్లో గ్వానోసిన్ అనే అక్షరాన్ని తిరగేసి అతికే పని అది. రేపటి సమస్య:

తిరుగవేసి టోపి తెచ్చి పెట్టె