మావాడు గోల్ఫ్‌లో ప్రొఫెషనల్ అవుతానంటున్నాడు, ఒప్పుకోవచ్చా?

ఎంవీపీ నాన్న:
అందరికీ నమస్కారం. మాది వైజాగ్ ఎంవీపీ కాలనీ, నాది బ్యాంకు ఉద్యోగం. మావాడికి పదిహేడేళ్ళు, ఇంటర్ సెకండియర్. మూడేళ్ళ కిందట వాళ్ళ మామయ్య వెంట ముడసర్లోవ గోల్ఫ్ కోర్సుకి వెళ్ళాడు, అప్పట్నుంచీ అదే పిచ్చి. పరీక్షలవగానే ప్రొఫెషనల్ అయిపోతాడట. డ్రైవర్ అని దూరం కొట్టే పొడుగాటి స్టిక్ ఉంటుందట, దాంతో 280 గజాలు కొడతానంటాడు. క్రికెట్ అయితే నాకూ కాస్త తెలుసు, ఇందులో ఓనమాలు కూడా రావు. జీతం లాంటిదేమైనా ఉంటుందా? మా ఆవిడ రోజూ నా వంకే చూస్తోంది.

సీతకొండ:
ఎంసెట్ రాయించండి సార్. డబ్బున్నోళ్ళ ఆట అది.

బ్యాగు మోసినోడు:
డబ్బున్నోళ్ళ ఆటే, కాదనను. కానీ గోల్ఫ్ ఆటగాడు చౌరాసియా వాళ్ళ నాన్న రాయల్ కలకత్తా క్లబ్బులో గడ్డి చూసుకునే పనివాడు. ఆ కొడుకే 2016లోనూ 2017లోనూ వరసగా ఇండియన్ ఓపెన్ కొట్టాడు. 1991లో అదే ఓపెన్ గెలిచిన అలీ షేర్ కూడా ఢిల్లీలో క్యాడీగా, అంటే ఆటగాళ్ళ బ్యాగు మోస్తూ మొదలైనవాడే. నేనూ ముడసర్లోవలో పదకొండేళ్ళు క్యాడీగా చేశాను. ఇప్పుడు ఆటో తోలుతున్నాను, అది వేరే సంగతి.

సార్, జీతం ఉండదు. ఎంట్రీ ఫీజు, రైలు, లాడ్జి, తిండి, క్యాడీ, అన్నీ ఆటగాడి జేబులోంచే. స్పాన్సర్ దొరికితే అదృష్టం. టోర్నమెంటు నాలుగు రోజులు. రెండో రోజు సాయంత్రం కట్ వేస్తారు, అంటే స్కోరు చాలనివాళ్ళని తీసేస్తారు, సగం మందికి పైనే ఇంటికి. వాళ్ళకి పైసా రాదు.

ఒక ఏడాది వైజాగ్ ఓపెన్‌లో ఓ కుర్రాడి బ్యాగు మోశాను. మీవాడిలాగే భలే దూరం కొట్టేవాడు. మొదటిరోజు బాగానే ఆడాడు. రెండోరోజు పొద్దున పది దాటాక సముద్రం గాలి లేచింది, ఏ స్టిక్ అడిగినా ఒకటికి రెండుసార్లు మార్చేవాడు. ఆఖరి హోల్లో మూడడుగుల పట్, అంటే బంతిని మెల్లగా గుంటలోకి దొర్లించే దెబ్బ. బంతి అంచు చుట్టూ తిరిగి బయటికొచ్చేసింది. ఒక్క దెబ్బతో కట్ పోయింది. స్కూటర్ స్టాండు దగ్గర కూర్చుని షూ విప్పుకుని నాకివ్వాల్సిన డబ్బు లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. ఇచ్చేసి, "అన్నా, స్టేషన్‌కి బస్సు ఎక్కడెక్కాలి?" అన్నాడు. నా బండి మీదే దింపాను. దారంతా ఆ స్టిక్కులు నా వీపుకి గుచ్చుకుంటూనే ఉన్నాయి.

280 గజాలు చూసి మురిసిపోకండి. ఓ సాయంత్రం చెప్పాపెట్టకుండా వెళ్ళి మీవాడు ఏది ప్రాక్టీసు చేస్తున్నాడో చూడండి. నేను చూసిన ఓ పెద్ద ఆటగాడు చీకటి పడేదాకా హోలు చుట్టూ నాలుగడుగుల దూరంలో బంతులు పరిచి వేసేవాడు. ఒకటి తప్పితే మళ్ళీ మొదటినుంచీ.

ఎంవీపీ నాన్న:
ఆదివారం వెళ్ళి చెట్టు చాటున నిలబడ్డాను, దొంగలాగ. రెండు బుట్టల బంతులూ డ్రైవర్‌తోనే బాదాడు. పటింగ్ గ్రీన్ వైపు తొంగి చూడలేదు. ఫోన్ మాట్లాడుకుంటూ వచ్చేశాడు.

బ్యాగు మోసినోడు:
అనుకున్నా. డిగ్రీలో చేర్పించండి, ఆట మాత్రం మాన్పించకండి. అమెచ్యూర్‌గానే, అంటే డబ్బు కోసం కాకుండా, నాలుగు ఊళ్ళు తిరిగి ఆడనివ్వండి. ఒకసారి ప్రొఫెషనల్ అయ్యాక ఆ పోటీల్లోకి రానివ్వరు, వెనక్కి రావాలంటే అర్జీ పెట్టుకుని కాచుక్కూర్చోవాలి. తొందరేం లేదు సార్, ముకేశ్ కుమార్ ఆసియన్ టూర్‌లో మొదటి టైటిల్ కొట్టింది 2016లో, 51 ఏళ్ళకి!

సీతకొండ:
51 దాకా ఎవరు పోషిస్తారు అన్నా?

బ్యాగు మోసినోడు:
అంతకుముందు మన దేశంలోనే వందకి పైగా గెలిచాడు తమ్ముడూ. ఊరికే కూర్చోలేదు.

ఎంవీపీ నాన్న:
నిన్న హాల్లో చాప పరిచి, స్టీలు గ్లాసు అడ్డంగా పెట్టి, టేపుతో మూడడుగులు కొలిచి వెయ్యమన్నాను. అరవైకి ముప్పై ఏడు. ముప్పై ఎనిమిదోది తనదేనని గొడవ. రాత్రి పదకొండున్నరకి మళ్ళీ చప్పుడైతే లేచి చూశాను, లైటు వేసుకుని వేస్తున్నాడు. మా ఆవిడ గ్లాసు ఎప్పుడిస్తారని అడుగుతోంది.