ప్లాంట్‌లో ఆయాసం, ఇంట్లో ఉంటే నెమ్మది. ఇంకెవరికైనా ఇలా ఉందా అండి?

భీమవరం_అమ్మాయి:
రొయ్యల ప్లాంట్‌లో పీలింగ్ పని నాది, మూడో ఏడు. మొదటి ఏడాది ఏమీ లేదు. తర్వాత లోపలికి వెళ్లగానే తుమ్ములు, కళ్ల దురద. ఐసు చలికేమో అనుకున్నాను. సంక్రాంతి ముందు నుంచి అర్ధరాత్రి దగ్గుతో లేచి కూర్చుంటున్నాను, ఊపిరి వదిలితే పిల్లికూతలు. పండక్కి అమ్మ వాళ్లింట్లో నాలుగు రోజులున్నాను, ఒక్క రాత్రి కూడా దగ్గు రాలేదు. డ్యూటీకెళ్లిన రెండో రోజే మళ్లీ మొదలు. మా ఇంట్లో ఎవరికీ ఉబ్బసం లేదు. పని మానలేను, పిల్లల ఫీజులున్నాయి.

మండపేట_మిల్లు:
చెల్లీ, మా నాన్నగారికి రైసు మిల్లులో అచ్చం ఇలాగే. తవుడు బస్తాలు పట్టేవారు, సాయంత్రానికి కనుబొమ్మల మీద కూడా పొడే. టీబీ ఏమోనని కళ్లె పరీక్ష చేయించాం, లేదన్నారు. బీడీలు మానిపించాం, తగ్గలేదు. ఏడేళ్ల తర్వాత ఒక డాక్టరు గారు గొట్టంలోకి ఊదించి, "ఏం పని చేస్తారు?" అని అడిగారు. అప్పటిదాకా ఆ మాట ఎవరూ అడగలేదు. మిల్లు మానేసినా ఇప్పటికీ మెట్లెక్కితే ఆయాసమే. అంతదాకా రానివ్వకమ్మా.

వార్డు_నర్సు:
ఛాతీ వార్డులో పనిచేస్తానండి. రొయ్యలు కడిగే నీటి తుంపర్లలో, ఉడికించే ఆవిరిలో వాటి ప్రోటీన్లు ఉంటాయి. రోజూ పీలిస్తే కొందరికి నెలలకో ఏళ్లకో అవి పడకుండా పోతాయి. మొదటి ఏడాది మీకేమీ కాకపోవడం అందుకే. ముక్కు, కళ్లు ముందు, ఊపిరి తర్వాత. చాలామందిలో వరస ఇదే.

రొయ్యలు నల్లబడకుండా వేసే మెటాబైసల్ఫైట్ పొడి కూడా చూసుకోండి. నీళ్లలో కలిపితే సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది, ముక్కు మండించే ఘాటు అదే. గుడ్డ మాస్కే కాదు, ఎన్95 కూడా ఆ గ్యాసును ఆపదు.

పీక్ ఫ్లో మీటర్ కొనండి, ఊపిరి ఎంత జోరుగా వదలగలుగుతున్నారో అంకెలో చూపే చిన్న గొట్టం అది. రోజుకు నాలుగుసార్లు, ప్రతిసారీ మూడుసార్లు ఊది, పెద్ద అంకె రాయండి. డ్యూటీ రోజులూ సెలవులూ కలిసేలా కనీసం రెండు వారాలు, నాలుగైతే మేలు. తట్టుకోగలిగితే పరీక్షలయ్యేదాకా పని మానకండి, మానేశాక చేస్తే అంకెలు మామూలుగా వచ్చి పని వల్ల వచ్చిన ఉబ్బసమా కాదా అన్నది తేలకపోవచ్చు. మాట పూర్తి చేయలేనంత ఆయాసమొస్తే మాత్రం వెంటనే 108కి ఫోన్ చేయండి.

అంబాజీపేట_పీచు:
నాకు కొబ్బరి పీచు దుమ్ముతో వచ్చింది. చిన్నప్పటి ఉబ్బసమే, అక్కడ పెరిగింది. పీచు తడిపి పని చేయడం మొదలుపెట్టాక, రోజూ ఇన్‌హేలర్ వాడుతుంటే పర్లేదు.

భీమవరం_అమ్మాయి:
ఇన్‌హేలర్ అలవాటైపోతుందంటున్నారు అత్తగారు. మృగశిర కార్తెకి హైదరాబాద్ వెళ్లి చేప మందు తీసుకోమంటున్నారు.

వార్డు_నర్సు:
అలవాటు కాదండి. రోజువారీ ఇన్‌హేలర్ లోపలి వాపును తగ్గిస్తుంది. చేప మందుకెళ్లినా ఇన్‌హేలర్ ఆపొద్దు. మీ జీతంలో ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కోత ఉందా? నెల జీతం 21,000 లోపైతే ఉండాలి. చందా రోజులు సరిపోతే, డాక్టరు సర్టిఫికెట్ మీద ఏడాదికి 91 రోజుల దాకా 70 శాతం కూలి వస్తుంది.

భీమవరం_అమ్మాయి (మూడు వారాల తర్వాత):
మీటర్‌లో సెలవు ఆదివారాలు 380, డ్యూటీ అయ్యాక శనివారం సాయంత్రాలు 290. కాగితం చూసి డాక్టరు గారు ఉత్తరం రాసిచ్చారు. సూపర్‌వైజర్ తడి లేని ప్యాకింగ్ పనికి మార్చారు, గోడకి అటువైపు. నిన్న రాత్రి తెల్లారేదాకా లేవలేదండి. నా పక్కన కూర్చునే అక్కకీ తుమ్ములే. మీటర్ ఆవిడకిచ్చాను.