ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ విలువలను ఎప్పుడు నేరుగా కూడవచ్చు, ఎప్పుడు కూడకూడదు?

ప్రశ్న: ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థిని

అందరికీ నమస్కారం. విద్యుత్ రసాయన శాస్త్రం లెక్కల్లో ఒక చోట వారం రోజులుగా ఆగిపోయాను. ఫెర్రిక్ అయాన్ ఒక ఎలక్ట్రాన్ తీసుకొని ఫెర్రస్ అయాన్‌గా మారే చర్యకు ప్రమాణ క్షయకరణ పొటెన్షియల్ (ఎలక్ట్రాన్లను తీసుకునే మొగ్గును చెప్పే విలువ) +0.77 వోల్టులు అనీ, ఫెర్రస్ అయాన్ రెండు ఎలక్ట్రాన్లు తీసుకొని ఇనుముగా మారే చర్యకు −0.44 వోల్టులు అనీ ఇచ్చి, ఫెర్రిక్ అయాన్ నేరుగా ఇనుముగా మారే చర్యకు విలువ కనుక్కోమన్నారు. మొదటి రెండు సమీకరణాలను కూడితే మూడోది వస్తుంది కాబట్టి, హెస్ నియమంలో ఎంథాల్పీలను (చర్యల ఉష్ణ విలువలను) కూడినట్టే వోల్టులనూ కూడాను. నాకు +0.33 వచ్చింది. జవాబుల పట్టికలో −0.04 అని ఉంది.

ఇలాంటిదే రాగి లెక్క కూడా ఉంది. క్యూప్రిక్ నుంచి క్యూప్రస్‌కు 0.16, క్యూప్రస్ నుంచి రాగికి 0.52 అని ఇచ్చారు. అక్కడ రెండింటి సగటు తీస్తే 0.34 వచ్చి జవాబుతో సరిపోయింది. అదే పద్ధతిలో ఇనుముకు సగటు తీస్తే 0.165 వస్తోంది, అదీ తప్పే. మరోవైపు జింకు, వెండి ఎలక్ట్రోడ్లతో చేసిన ఘటానికి మాత్రం 0.80, 0.76 నేరుగా కూడి 1.56 వోల్టులు అని రాస్తున్నాం. వెండి సమీకరణాన్ని రెండుతో గుణించినా దాని 0.80ని గుణించడం లేదు. ఏ లెక్కకు ఏ పద్ధతి అన్నది బట్టీ పట్టడం నాకు ఇష్టం లేదు. దయచేసి కారణం చెప్పగలరా?

జవాబు: రసాయన శాస్త్ర అధ్యాపకుడు

అమ్మా, మీరు చూపిన మూడు ఉదాహరణల్లోనూ ఉన్నది ఒకే పద్ధతి. రాగి లెక్కలో సగటు సరిపోవడం వల్ల అది మూడు రకాలుగా ఉన్నట్టు మీకు కనిపించింది.

వోల్టు అంటే ఒక కూలూంబ్ ఆవేశానికి ఒక జౌల్ శక్తి. అంటే అది కిలో ధర లాంటి విలువ. బియ్యం రెండు కిలోలు కొన్నా, పది కిలోలు కొన్నా కిలో ధర మారదు, చెల్లించే మొత్తం మాత్రమే మారుతుంది. రెండు రకాల బియ్యం కలిపి కొన్నప్పుడు వాటి కిలో ధరలను కూడి మొత్తం ధర అని ఎవరూ అనరు. ఒక్కొక్క రకానికి ధరను బరువుతో గుణించి, వచ్చిన మొత్తాలను కూడి, చివర మొత్తం బరువుతో భాగిస్తేనే కలిపిన బియ్యం కిలో ధర తెలుస్తుంది. ఇక్కడ బరువు స్థానంలో ఎలక్ట్రాన్ల సంఖ్యా, చెల్లించే మొత్తం స్థానంలో గిబ్స్ శక్తి మార్పూ (చర్య నుంచి పనిగా రాబట్టగల శక్తి) ఉన్నాయి. హెస్ నియమం లాగా కూడదగినది ఆ శక్తి మాత్రమే. గిబ్స్ శక్తి మార్పు విలువ, ఎలక్ట్రాన్ల సంఖ్యను ఫారడేతోనూ పొటెన్షియల్‌తోనూ గుణించి ముందు రుణ గుర్తు పెట్టినంత. ఫారడే అంటే ఒక మోల్ ఎలక్ట్రాన్ల ఆవేశం, సుమారు 96,500 కూలూంబులు.

ఇనుము లెక్కను ఇలా చేయండి. మొదటి మెట్టులో ఒక ఎలక్ట్రాన్ ఉంది కనుక శక్తి మార్పు −74.3 కిలోజౌళ్లు. రెండో మెట్టులో రెండు ఎలక్ట్రాన్లు ఉండి పొటెన్షియల్ రుణాత్మకం కనుక అది +84.9 కిలోజౌళ్లు. రెండూ కూడితే +10.6 కిలోజౌళ్లు. దీన్ని మూడు ఎలక్ట్రాన్ల ఆవేశంతో, అంటే 2,89,500 కూలూంబులతో భాగించి గుర్తు మారిస్తే −0.037 వస్తుంది, దాన్నే −0.04 అని రాస్తారు. మొదటి మెట్టు ఎంత అనుకూలంగా కనిపించినా అందులో పాల్గొన్నది ఒకే ఎలక్ట్రాన్. రెండో మెట్టు బరువు దానికి రెట్టింపు కావడం వల్లనే గుర్తు తిరగబడింది.

రాగిలో రెండు మెట్లూ ఒక్కో ఎలక్ట్రాన్‌వే కనుక బరువులు సమానం, కాబట్టి మామూలు సగటే సరైన సగటు అయింది.

జింకు, వెండి ఘటంలో ఆక్సీకరణంలో విడుదలైన రెండు ఎలక్ట్రాన్లనే క్షయకరణం తీసుకుంటుంది కాబట్టి మొత్తం సమీకరణంలో ఎలక్ట్రాన్లు మిగలవు. వెండి వైపు శక్తి రెండు ఫారడేలు ఇంటూ 0.80, జింకు వైపు శక్తి రెండు ఫారడేలు ఇంటూ 0.76. కూడిన తరువాత ఆ రెండు ఫారడేలతోనే భాగిస్తాం కనుక అవి కొట్టుబడిపోయి 1.56 మిగులుతుంది. ఇంతకాలం మీరు వోల్టులను కూడుతున్నానని అనుకుంటూ నిజానికి శక్తినే కూడుతున్నారు. సమీకరణంలో ఎలక్ట్రాన్లు మిగిలిపోతే, అంటే రెండు అర్ధ చర్యల నుంచి మరో అర్ధ చర్యను రాబడుతుంటే, శక్తి దారిలో తప్పనిసరిగా వెళ్లాలి.

జవాబు: బ్యాటరీల రంగంలో పనిచేస్తున్న ఇంజినీరు

పై వివరణకు ఒక హెచ్చరిక జోడిస్తున్నాను, ఎందుకంటే నేను చదువుకునే రోజుల్లో పరీక్షలో ఇదే తప్పు చేసి మార్కులు పోగొట్టుకున్నాను. లెక్కలో గిబ్స్ శక్తికి బదులు ఎంథాల్పీ ఇస్తే, దాన్ని నేరుగా ఫారడేతో భాగించకూడదు.

జింకు, రాగి ఎలక్ట్రోడ్లతో చేసే డేనియల్ ఘటాన్నే చూడండి. జింకు రేకును కాపర్ సల్ఫేట్ ద్రావణంలో ఊరికే ముంచితే నీలి రంగు నెమ్మదిగా పలచబడుతుంది, రేకు మీద ఎర్రటి రాగి పొడి పొరలా పేరుకుంటుంది, బీకరును చేత్తో పట్టుకుంటే వెచ్చదనం తెలుస్తుంది. అలా ఒక మోల్ చర్యకు సుమారు 219 కిలోజౌళ్లు పూర్తిగా వేడిగానే బయటికి వస్తాయి. అదే చర్యను రెండు అర్ధ ఘటాలుగా విడదీసి, ఉత్క్రమణీయంగా, అంటే విద్యుత్తును అతి నెమ్మదిగా తీసుకుంటూ జరిపిస్తే, 212 కిలోజౌళ్లు విద్యుత్ పనిగా వస్తాయి, సుమారు 6.3 కిలోజౌళ్లు మాత్రం వేడిగానే పోతాయి (219, 212 దగ్గరి పూర్ణాంకాలు). 212ను రెండు ఫారడేలతో, అంటే 193 కిలోకూలూంబులతో భాగిస్తే 1.10 వోల్టులు, అది సరైన విలువ. 219ని భాగిస్తే 1.13 వస్తుంది, అది తప్పు. తేడా చిన్నది కాబట్టి తప్పు చేసినట్టు తెలియదు.

ఆ 6.3 కిలోజౌళ్లను గది ఉష్ణోగ్రత 298 కెల్విన్‌తో భాగిస్తే ఎంట్రోపీ మార్పు కెల్విన్‌కు దాదాపు −21 జౌళ్లు అని తెలుస్తుంది. దాని నుంచి ఘటాన్ని పది డిగ్రీలు వేడి చేస్తే వోల్టేజి సుమారు ఒక మిల్లీవోల్టు తగ్గుతుందని కూడా చెప్పవచ్చు. ఎంట్రోపీ జౌళ్లలో, ఎంథాల్పీ కిలోజౌళ్లలో ఉంటాయి కనుక కలిపే ముందు ప్రమాణాలను తప్పక ఒకటి చేయండి.

జవాబు: ఎమ్మెస్సీ విద్యార్థి

రసాయన బంధాల అధ్యాయాన్ని కూడా ఈ చర్చలోకి తీసుకురావాలని ఉంది, ఎందుకంటే పొటెన్షియల్ విలువ అణువు నిర్మాణం నుంచే పుడుతుంది. ఎలక్ట్రాన్‌ను స్వీకరించినప్పుడు ఫ్లోరిన్ పరమాణువు 333 కిలోజౌళ్లు విడుదల చేస్తే, క్లోరిన్ 349 విడుదల చేస్తుంది. అయినా ఫ్లోరిన్ పొటెన్షియల్ 2.87, క్లోరిన్‌ది 1.36. ఇదెలా సాధ్యమని చాలామంది అడుగుతారు.

మెట్లను కూడి చూడండి. ఫ్లోరిన్ పరమాణువులు చిన్నవి, వాటి ఒంటరి ఎలక్ట్రాన్ జంటలు ఒకదానినొకటి నెట్టుకుంటాయి. అందువల్ల ఆ బంధం బలహీనమై, సగం బంధానికి 79 కిలోజౌళ్లు సరిపోతాయి, క్లోరిన్‌కు 121 కావాలి. ఆపై చిన్న ఫ్లోరైడ్ అయాన్ చుట్టూ నీటి అణువులు గట్టిగా చేరడం వల్ల 515 విడుదలవుతాయి, క్లోరైడ్‌కు 381 మాత్రమే. మొత్తం ఫ్లోరిన్‌కు −769, క్లోరిన్‌కు −609. ఆ 160 కిలోజౌళ్ల తేడాను ఒక ఫారడేతో భాగిస్తే 1.66 వోల్టులు, పట్టికలో ఉన్న తేడా 1.51. ఇవి ఎంథాల్పీలే కనుక, ఇంజినీరు గారు చెప్పినట్టు, కచ్చితంగా సరిపోవాలని ఆశించకూడదు. కానీ కారణం ఎక్కడుందో ఈ కూడిక చూపిస్తుంది.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

అందరికీ కృతజ్ఞతలు. అర్థమైందో లేదో చూసుకోవడానికి మాంగనీసుతో ప్రయత్నించాను. పర్మాంగనేట్ నుంచి మాంగనీస్ డయాక్సైడ్‌కు మూడు ఎలక్ట్రాన్లతో 1.69, అక్కడి నుంచి మాంగనస్ అయాన్‌కు రెండు ఎలక్ట్రాన్లతో 1.23. మూడు ఇంటూ 1.69, రెండు ఇంటూ 1.23 కూడితే 7.53, ఐదుతో భాగిస్తే 1.51. పట్టికలోనూ అదే ఉంది. ఫారడే ఎలాగూ కొట్టుబడిపోతుంది కాబట్టి దాన్ని రాయకుండా చేయవచ్చా, గురువుగారూ?

జవాబు: రసాయన శాస్త్ర అధ్యాపకుడు

చేయవచ్చు అమ్మా, లెక్క సరిగ్గా ఉంది. అయితే ఈ 1.51 హైడ్రోజన్ అయాన్ల గాఢత లీటరుకు ఒక మోల్ ఉన్నప్పటి విలువ. ఆ చర్యలో ఐదు ఎలక్ట్రాన్లకు ఎనిమిది హైడ్రోజన్ అయాన్లు ఖర్చవుతాయి కనుక, గాఢతను బట్టి పొటెన్షియల్ ఎలా మారుతుందో చెప్పే నెర్న్‌స్ట్ సమీకరణం ప్రకారం పీహెచ్ ఒకటి పెరిగినప్పుడల్లా పొటెన్షియల్ 0.059 ఇంటూ ఎనిమిది బై ఐదు, అంటే సుమారు 0.094 వోల్టులు తగ్గుతుంది. మిగతా గాఢతలు ప్రమాణ విలువల్లోనే ఉంచి పీహెచ్ 3 ఇస్తే జవాబు 1.23కు దిగుతుంది. లెక్కలో పీహెచ్ ఇచ్చారా లేదా అన్నది ముందు చూసుకొని, ఆ తరువాతే పట్టిక విలువను తీసుకోండి.