గ్రౌండ్ ఫ్లోర్‌లోకి డ్రైనేజీ ఎదురు తన్నుతోంది, లైను మార్చే ఖర్చు ఎవరిది?

ప్రశ్న: హైదరాబాదులో పాత కాలనీ. ఒక్క ఇల్లున్న జాగాలో ఇప్పుడు పది ఫ్లాట్లు. కాంపౌండ్ నుంచి రోడ్డు మ్యాన్‌హోల్ దాకా పాత ఆరించుల స్టోన్‌వేర్ (కాల్చిన మట్టి) పైపే, సుమారు 20 మీటర్లు. పొద్దున ఏడింటి నుంచి తొమ్మిది దాకా గ్రౌండ్ ఫ్లోర్ బాత్రూములో నీళ్లు పైకి వస్తున్నాయి. వాన పడితే మరీ ఎక్కువ. సగం మంది వాటర్ బోర్డే చేయాలంటున్నారు, పైఅంతస్తుల వాళ్లు మాకేం సంబంధమంటున్నారు.

జవాబు: ముందు అడ్డు ఎక్కడుందో తేల్చండి, డబ్బుల మాట తర్వాత. నీళ్లు ఎక్కుతున్న టైములోనే గేటు దగ్గరి ఆఖరి ఛాంబర్, రోడ్డు మ్యాన్‌హోల్ రెండూ చూడాలి. మధ్యాహ్నం చూస్తే రెండూ ఖాళీగానే ఉంటాయి. రోడ్డు మూత వాటర్ బోర్డు లైన్‌మన్‌తో తీయించండి, తీసిన వెంటనే మీదికి వంగకండి, గ్యాస్ ఉంటుంది. ఛాంబర్ నిండి, మ్యాన్‌హోల్ సాఫీగా పారుతుంటే జామ్ మీ 20 మీటర్లలోనే. మ్యాన్‌హోల్ కూడా నిండితే పల్లంవైపు ఒక్కోటీ చూస్తూ పోవాలి. నిండిన చివరిదానికీ ఖాళీగా ఉన్న మొదటిదానికీ మధ్య ఉంటుంది అడ్డు. ఆ ముక్క గుర్తు చెప్పి, నీళ్ల బిల్లు మీది క్యాన్ (వినియోగదారు ఖాతా) నంబరుతో వాటర్ బోర్డు ఫోను 155313లో కంప్లయింట్ రాయించండి.

వానకు పెరుగుతోందంటే డాబా గొట్టం డ్రైనేజీలో కలిపారేమో అనుమానించాలి. డాబా మీద నీలిమందు కలిపిన రెండు బక్కెట్లు పోయండి, ఛాంబర్‌లో నీలం కనిపిస్తే అదే దొంగ. 200 చదరపు మీటర్ల డాబా మీద 20 మి.మీ. వాన పడితే 4,000 లీటర్లు!

జవాబు: స్టోన్‌వేర్ అయితే పూడిక తీయించి సంతోషపడొద్దు. అవి రెండడుగుల ముక్కలు, 20 మీటర్లకు ముప్పైకి పైగా జాయింట్లు. సిమెంటు పగిలిన చోట వేప వేరు, రావి వేరు దూరుతుంది. వెదురు బద్దతో పొడిస్తే తెగుతుంది, మళ్లీ చిగురిస్తుంది. మార్చేటట్లయితే 160 మి.మీ. యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) పైపు, భూమిలో వేసే రకం, వాహనాలు తిరిగే చోట ఎస్‌ఎన్8, అంటే బరువుకు నొక్కుకుపోని గట్టి తరగతి. ఆరు మీటర్ల పైపులు నాలుగు, జాయింట్లు మూడే. వాలు వందకు ఒకటి, అంటే 20 మీటర్లకు 20 సెంటీమీటర్లు. మ్యాన్‌హోల్ అడుగు మీ ఛాంబర్ అడుగుకంటే అంత కిందికి ఉందా అని లెవెల్ ట్యూబుతో ముందే చూసుకోండి. లేకపోతే పైపు మార్చినా ఒరిగేది తక్కువ. పైపు కింద పది సెంటీమీటర్ల ఇసుక తప్పదు. రాయి మీద ఆనితే అక్కడే విరుగుతుంది.

జవాబు: ఇక ఖర్చు. రివాజు ప్రకారం మ్యాన్‌హోల్ దాకా ఇంటివాళ్లది, అక్కడి నుంచి బోర్డుది. రోడ్డు తవ్వితే కార్పొరేషన్ పర్మిషన్, దాని ఫీజు కూడా మీ ఎస్టిమేట్‌లో వేసుకోండి. పదిమందిలో పంపకానికి సేల్‌డీడ్‌లోని అవిభాజ్య వాటా (స్థలంలో ఒక్కో ఫ్లాటుకు రాసిన పాలు) చూడండి, లేదా సమానంగా వేసుకోండి. మూడో అంతస్తు వాళ్లు తప్పించుకోవడం న్యాయం కాదు. కింద ఎగదన్నుతున్నవి వాళ్ల స్నానాల నీళ్లే కదా!

రోడ్డు లైను సంగతి చిక్కుముడి. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య పథకంతో, 1930ల నాటికి అయిదు లక్షల లోపు జనానికి పెట్టిన డ్రైనేజీ ఏర్పాటు మీదే పాత నగరం భారం ఉంది. డ్రైనేజీకి బోర్డు వసూలు చేసే సీవరేజీ సెస్సు నీటి చార్జీలో 35 శాతం. అది బోర్డు ఇచ్చే నీళ్ల మీద లెక్క. బోరు, ట్యాంకర్ నీళ్లు మాత్రం అదే పైపులోకి వస్తాయి. కాబట్టి ఆ సెస్సు ఫ్లాట్ల లెక్కన వసూలు చేయాలన్నది నా వాదన, ఒప్పుకోనివాళ్లు చాలామందే ఉన్నారు.

ప్రశ్న: నాన్ రిటర్న్ వాల్వ్ (నీళ్లు వెనక్కి రాకుండా మూసుకునేది) పెడితే సరిపోతుందా?

జవాబు: బిల్డింగు మొత్తం నీళ్లు పోయే మెయిన్ లైను మీద పెడితే మునుగుతారు. వాల్వ్ మూసుకున్నప్పుడు పైఅంతస్తుల నీళ్లు బయటికి పోలేక మీ బాత్రూములోంచే లేస్తాయి. గ్రౌండ్ ఫ్లోర్ లైను విడిగా తీసి, దానికి మాత్రమే పెట్టండి. నెలకోసారి మూత తీసి వెంట్రుకలు, గుడ్డపీలికలు ఏరేయాలి.

ఇంకొకటి. మేస్త్రీ "మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దింపుతా" అంటే ఒప్పుకోకండి, రక్షణ సాధనాలు లేకుండా దింపడం పాకీపనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. కొత్త లైను పూడ్చకముందు కింది చివర బిరడా బిగించి, పైపు నిండి ఛాంబర్‌లోకి నీళ్లు ఎక్కేదాకా పోయించండి. పావుగంటలో మట్టం దిగకపోతేనే మట్టి వేయనివ్వండి.