లిస్టెడ్ ఇంటి పెరట్లో ఓక్ చెట్టు: ఇన్సూరెన్స్ వాళ్లు తీసెయ్యమంటే తీసెయ్యాలా?

కొత్త ఇంటివాడు
ఉత్తర లండన్ అంచున గ్రేడ్ 2 లిస్టెడ్ ఇల్లు, అంటే చారిత్రక కట్టడంగా రక్షణ జాబితాలో ఉన్నది, కొన్నాం. 18వ శతాబ్దంలో సున్నంతో కట్టిన ఇటుక గోడలు. వెనక గోడకు ఎనిమిది మీటర్ల దూరంలో పెద్ద ఓక్ ఉంది. రెన్యువల్‌కి వెళ్తే, చెట్టు తీసేస్తేనే సబ్సిడెన్స్ (నేల కుంగి ఇల్లు దెబ్బతినడం) కవర్ ఇస్తామంటోంది ఇన్సూరెన్స్ కంపెనీ. వెనక కిటికీ పైన పాత పగులు ఉందని కొనేటప్పుడే సర్వేయర్ రాశాడు. కొట్టించేద్దామని నేను, లిస్టెడ్ ఇంట్లో చెట్టు ముట్టుకుంటే నేరమని మా ఆవిడ. తెలిసినవాళ్లు చెప్పండి.

పెరటి తోట
మీ ఇద్దరి మాటా పూర్తిగా నిలవదండీ. లిస్టింగ్ వర్తించేది ఇంటికి, ఇంటికి బిగించిన వాటికి, 1948 జులై 1కి ముందు నుంచీ ఆవరణలో ఉన్న కట్టడాలకు. పాత ప్రహరీ, బావి గట్టు దాని కిందికి రావచ్చు. చెట్టు కట్టడం కాదు కాబట్టి రాదు.

చెట్టును కాపాడే నిబంధనలు వేరే ఉన్నాయి. ఒకటి, కౌన్సిల్ (స్థానిక పాలకసంస్థ) ఆ చెట్టు మీద ట్రీ ప్రిజర్వేషన్ ఆర్డర్, అంటే టీపీఓ, పెట్టి ఉండొచ్చు; అది ఉంటే అనుమతి లేకుండా చెట్టు నరకకూడదు. రెండు, మీ వీధి కన్జర్వేషన్ ఏరియాలో, అంటే పాత రూపం కాపాడాలని కౌన్సిల్ ప్రకటించిన ప్రాంతంలో, ఉండొచ్చు. అలా అయితే 1.5 మీటర్ల ఎత్తులో కాండం వ్యాసం 75 మిల్లీమీటర్లు దాటిన చెట్టు కొమ్మ నరకాలన్నా ఆరు వారాల ముందు కౌన్సిల్‌కి నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసును కౌన్సిల్ తిరస్కరించడానికి వీల్లేదు. చెట్టు ఉండాల్సిందే అనుకుంటే టీపీఓ పెడుతుంది, అప్పుడు అనుమతికి దరఖాస్తు చేసుకోవాలి. దానికి మామూలు గడువు ఎనిమిది వారాలు. అనుమతి లేకుండా టీపీఓ చెట్టు నరికితే ఇంగ్లండ్‌లో జరిమానాకు పైపరిమితి లేదు. ఇన్సూరెన్స్ వాళ్ల ఉత్తరం చూపించినా కోర్టు వదలదు.

క్లెయిమ్ ఫైలు
నేను సబ్సిడెన్స్ క్లెయిములు చూసే పనిలో ఉన్నాను. నా మాట కఠినంగా ఉంటుంది: అనుమతి తెచ్చుకుని తీయించెయ్యండి. లండన్ బంకమట్టి మన నల్లరేగడి లాగే తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. ఓక్ విపరీతంగా నీళ్లు తాగే చెట్టు. ఇక్కడి కంపెనీలు ఇళ్ల పాలసీల్లో సబ్సిడెన్స్ చేర్చింది 1971లో. 1976 కరువు వేసవి తర్వాత క్లెయిములు వెల్లువెత్తాయి, అప్పటి నుంచీ చెట్టంటే వాళ్లకు భయమే. మీ ఇంటికి పునాది బలపరచాల్సి వస్తే దానికి మళ్లీ లిస్టెడ్ బిల్డింగ్ కన్సెంట్, అంటే లిస్టెడ్ ఇంట్లో మార్పులకు అనుమతి, కావాలి. ఖర్చు, కాలం రెండూ పెరుగుతాయి.

పక్కింటి గోడ సంగతీ ఆలోచించండి. లండన్‌లో డెలవేర్ మాన్షన్స్ కేసు ఉంది. వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ వారి వీధి చెట్టు వేళ్ల వల్ల ఫ్లాట్లు దెబ్బతిన్నాయి. పునాది పనికి అయిన 5 లక్షల 70 వేల పౌండ్లకు పైగా కౌన్సిలే కట్టాలని 2001లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. మీ చెట్టు వేళ్ల వల్ల నష్టమని పొరుగువాళ్లు తెలియజేశాక కూడా ఊరుకుంటే భారం మీ మీద పడుతుంది.

లండన్ మట్టి
స్ట్రక్చరల్ ఇంజినీర్‌గా దీనికి నేను ఒప్పుకోను. ఆ ఓక్ ఇంటికన్నా పాతదైతే, అది పీల్చి ఎండబెట్టిన మట్టి మీదే ఇల్లు కట్టి ఉంటారు. చెట్టు తీసేస్తే మట్టి ఏళ్ల తరబడి నీళ్లు పట్టి ఉబ్బుతుంది, గోడ పైకి లేస్తుంది. దీన్ని హీవ్ అంటారు. కుంగిన గోడ కన్నా లేచిన గోడను సరిచెయ్యడం తరచూ కష్టం. చెట్టు వయసు తెలియకుండా తీయించెయ్యమని చెప్పడం తొందరపాటే.

ఆ పగులుకు చెట్టే కారణమని ఎవరు తేల్చారు? ఏడాది పాటు కొలవండి. వేసవి చివర తెరుచుకుని, శీతాకాలంలో మూసుకుంటే అనుమానం చెట్టు మీదకు వెళ్తుంది. ఒకే వైపు పెరుగుతూ పోతే వేరే కారణం వెతకాలి. పునాది పక్కన గొయ్యి తవ్వించి మట్టిని, వేళ్లను పరీక్ష చేయించండి. డ్రెయిన్లలో కెమెరా వేయించండి. కారిపోయే పాత గొట్టం పక్కనున్నా నింద చెట్టు మీద పడిన ఇళ్లు నా పనిలో చాలా చూశాను. సున్నంతో కట్టిన గోడలు కాస్త కదలికను ఓర్చుకుంటాయి కూడా. టీపీఓ వచ్చినా ఈ రిపోర్టులు వృథా కావు. సబ్సిడెన్స్ కారణంగా చెట్టు తీయాలని దరఖాస్తు చేస్తే సాక్ష్యం జతచేయాల్సిందే.

క్లెయిమ్ ఫైలు
హీవ్ గురించి మీరన్నది నిజం, వయసు తేల్చాకే కత్తి పెట్టాలి. కానీ కొలుస్తూ కూర్చున్న ఏడాది కవర్ ఎవరిస్తారు? మార్ట్‌గేజ్ ఇచ్చిన బ్యాంకు బిల్డింగ్ ఇన్సూరెన్స్ ఉండి తీరాలంటుంది. ఇంజినీర్లు ఈ ప్రశ్న దాటేస్తారు.

పెరటి తోట
లిస్టెడ్ ఇళ్లకే పాలసీలు చూసే బ్రోకర్లు ఉన్నారు. చెట్టు ఎత్తు, దూరం, పగులు వెడల్పు ఉన్నది ఉన్నట్టు చెప్పి, కొలతలు మొదలుపెట్టామని కాగితం చూపిస్తే ఎక్కువ ఎక్సెస్‌తోనైనా (క్లెయిములో మీరు భరించాల్సిన మొత్తం) కొందరు ఒప్పుకుంటారు. అడిగినదానికి తప్పు సమాధానం ఇవ్వకండి. అజాగ్రత్తగా తప్పు చెప్పినా కంపెనీ క్లెయిము మొత్తంలో కోత పెట్టవచ్చని 2012 నాటి వినియోగదారుల ఇన్సూరెన్స్ చట్టం చెబుతోంది.

ఇంకో దారి ఎవరూ చెప్పలేదు. టీపీఓ ఉండి కౌన్సిల్ అనుమతి నిరాకరిస్తే, దానివల్ల తర్వాత జరిగిన నష్టానికి కౌన్సిల్‌నే పరిహారం అడగొచ్చు. నిర్ణయం వచ్చిన 12 నెలల్లోపు అడగాలి, నష్టం 500 పౌండ్లకు తక్కువ ఉండకూడదు. నష్టం జరుగుతుందని ముందే ఊహించదగ్గదిగా ఉండాలి. అందుకే దరఖాస్తులో ఇంజినీర్ రిపోర్టు పెట్టాలి.

కొత్త ఇంటివాడు
కౌన్సిల్ మ్యాప్ చూశాం. టీపీఓ లేదు, వీధి మాత్రం కన్జర్వేషన్ ఏరియాలోనే ఉంది. నోటీసు ఇప్పుడే పంపం. ముందు చెట్ల నిపుణుడితో వయసు అంచనా, డ్రెయిన్ల కెమెరా, పగులు మీద కొలత. బ్రోకర్లతో మాట్లాడే పని మా ఆవిడ తీసుకుంది. కాండంలో తొర్ర ఒకటి ఉంది, దాని గురించి ఏమైనా చూసుకోవాలా?

పెరటి తోట
తప్పకుండా. అందులో గబ్బిలాలు ఉంటే వాటి ఆవాసానికి వేరే చట్టపు రక్షణ ఉంది, కౌన్సిల్ సరే అన్నా అది పోదు. పక్షులు గూడు కట్టుకున్న కాలంలో కొమ్మ కూడా నరకకండి. నిపుణుడు వచ్చిన రోజే తొర్ర చూడమనండి.