"ఓడలు నా బండ్లమీద": ఆ "నా" ఎవరిది?

తెరచాప:
పాత యుద్ధనౌక ఐ.ఎన్.ఎస్. ఢిల్లీ మీద వ్యాసం రాస్తున్నాను. 1933లో బ్రిటిష్ నౌకాదళంలో చేరినప్పుడు దాని పేరు అకిలీస్. 1948లో మనం కొన్నాం, 1978లో సెలవిచ్చి తుక్కు చేశాం. జంట ఫిరంగుల టరెట్ (ఫిరంగులు బిగించిన తిరిగే గూడు) ఒకటి మాత్రం న్యూజీలాండ్‌కు కానుకగా వెళ్ళి, ఆక్లండ్ నౌకాస్థావరం గేటు దగ్గర నేల మీద కూర్చుంది. ఆ ఫొటో చూడగానే సుమతి పద్యం నాలుక మీదికి వచ్చింది: "ఓడల బండ్లును వచ్చును, ఓడలు నా బండ్లమీద నొప్పుగ వచ్చున్". ఈ "నా" ఏమిటి? కవిగారి సొంత బండ్లా?

కందం చాదస్తం:
"నా" లేదు. ఓడలున్ + ఆ బండ్లమీద. విడదీసి అచ్చువేయడంతో సుమతి రాసిన బద్దెనకు బండ్ల వ్యాపారం అంటగట్టారు.

అటకమీది పుస్తకం:
సంధి సరే, మొదటి పాదం "ఓడల"నా, "ఓడలు"నా? "ఓడలు" అయితే ఓడలే బండ్లవుతాయి, మన సామెతలాగా. మా నాన్నగారైతే "ఓడలను బండ్లు" అని వల్లె వేయించేవారు.

కందం చాదస్తం:
మూడూ గణాలకు కుదురుతాయి. నాన్నగారి పాఠంలో రెండో గణం జగణం (లఘువు-గురువు-లఘువు), కందంలో సరి స్థానం కనుక చెల్లుతుంది. ఛందస్సు సాక్ష్యం చెప్పదు. రెండో పాదంలో "మీద" ఉంది కాబట్టి మొదటిదానిలోనూ ఎక్కడమే. మారిపోవడం సామెత చేసిన పని.

సరంగు మనవడు:
వ్యాసంలో "తేలికపాటి క్రూయిజర్" అని మాత్రం రాయకండి. ఆ "లైట్" బరువు గురించి కాదు. 1930 లండన్ ఒప్పందం ప్రకారం ఫిరంగి గొట్టం లోపలి వ్యాసం 6.1 అంగుళాలు దాటకపోతే లైట్, దాటితే హెవీ. అకిలీస్‌వి ఎనిమిదీ ఆరంగుళాలవి. బ్రిటిష్ క్రూయిజర్ బెల్‌ఫాస్ట్ కూడా లైటే, కాని తూస్తే "హెవీ" క్రూయిజర్ ఎక్సెటర్ కంటే ఎక్కువ తూగుతుంది! "లఘు" అనండి.

వేమన్న వీరాభిమాని:
అసలు ఆ ఓడకు పద్యమే మారాలి. 1939 డిసెంబరు 13న ఎక్సెటర్, ఎజాక్స్, అకిలీస్ కలిసి జర్మన్ యుద్ధనౌక గ్రాఫ్ స్పీని ఎదుర్కొన్నాయి. పదకొండంగుళాల ఫిరంగులున్నది పోయి ఉరుగ్వేలోని మాంటెవీడియో రేవులో దూరింది, 17న బయటికి వచ్చి తనను తానే పేల్చుకుంది. "నీళ్ళలోని మొసలి నిగిడి యేన్గుఁ బట్టు", బైటికొస్తే కుక్క చేత భంగపడుతుంది. స్థానబలిమి!

అటకమీది పుస్తకం:
మీ మొసలి ఒడ్డెక్కలేదండీ, రేవులోనూ నీళ్ళే. దానికీ సుమతే ఉంది: "బలవంతమైన సర్పము చలిచీమలచేతఁ జిక్కి".

వేమన్న వీరాభిమాని:
ఎక్సెటర్‌ను చీమ అంటారా? టరెట్లన్నీ మూగబోయేదాకా కొట్లాడింది. అకిలీస్‌లో నలుగురు చనిపోయారు. అయినా ఆ "చలి" ఏమిటి? చలికాలంలో వస్తాయనా, చిన్నవనా?

తెరచాప:
చలిచీమలకు వేరే చర్చ పెట్టండి. నాకు చివరి పాదం దొరికింది: "వాడంబడుఁ గలిమిలేమి వసుధను సుమతీ". కలిమిలేములు వాడబడతాయా, వాడిపోతాయా?

కందం చాదస్తం:
వాడిపోవడమైతే "బడు" ఎందుకండీ? వ్యవహారంలో ఉంటాయని అర్థం.

అటకమీది పుస్తకం:
నాకు నమ్మకం కుదరలేదు. అదలా ఉంచి, తెరచాప గారూ, ఆ టరెట్ ఆక్లండుకు ఓడ మీదే వెళ్ళి ఉంటే అది ఓడ మీద ఓడ. దానికి సుమతిలో పద్యం లేదు.