అప్‌డేట్: టెర్మినల్‌లో ఈమాక్స్ షార్ట్‌కట్ల సమస్య తేలింది

గ్రాఫికల్ విండోలో చక్కగా పనిచేసే కంట్రోల్-సెమికోలన్ షార్ట్‌కట్, ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరంగా ఉన్న కంప్యూటర్‌కి టెర్మినల్ నుంచి కనెక్టయ్యే పద్ధతి) తెరిచిన ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో ఎందుకు పనిచేయదు, రంగులు ఎందుకు వెలిసిపోతాయి అని అడిగాను కదా. రెండూ తేలాయి. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.

గ్రాఫికల్ విండోకి ఏ కీ నొక్కామో పూర్తిగా తెలుస్తుంది. టెర్మినల్ మామూలుగా అక్షరాల కోడ్‌లే పంపుతుంది. కంట్రోల్-సెమికోలన్‌కి ఆస్కీలో (అక్షరాలకి అంకెల కోడ్‌లిచ్చే పట్టిక) కోడే లేదు. అందుకే నొక్కినప్పుడల్లా ఫైల్‌లో ఉత్త సెమికోలన్ వచ్చి పడేది! ఆ కమాండ్‌ని కంట్రోల్-సి, ఆ తర్వాత ఒక అక్షరం అనే జతకి మార్చాను. అలాంటి జతల్ని ఈమాక్స్ యూజర్ల సొంత షార్ట్‌కట్ల కోసమే వదిలిపెట్టింది, అవి రెండుచోట్లా పనిచేస్తాయి.

రంగుల సంగతి చిన్నదే. టీమక్స్ (ఒకే టెర్మినల్‌లో చాలా సెషన్లు నడిపే ప్రోగ్రామ్) లోపల టెర్మ్ విలువ, అంటే టెర్మినల్ ఏ రకమో ప్రోగ్రాములకి చెప్పే సెట్టింగ్, 'స్క్రీన్' అని ఉంది. 'టీమక్స్-256కలర్' అని పెట్టగానే సరిపోయింది.

ఒక్క పేచీ మాత్రం ఉంది. ఈమాక్స్‌ని డీమన్‌గా (వెనకాల నడుస్తూ ఉండే ప్రోగ్రామ్‌గా) నడిపితే, మొదలయ్యేటప్పుడు విండోనే ఉండదు. కాబట్టి 'ఇది గ్రాఫికల్ డిస్‌ప్లేనా?' అనే పరీక్షకి అప్పుడు కాదనే జవాబొస్తుంది. అందుకే ఆ పరీక్ష మీద ఆధారపడ్డ ఫాంట్ సెట్టింగ్‌ని, కొత్త ఫ్రేమ్ (ఈమాక్స్ తెర) తెరుచుకున్నాక దానంతటదే నడిచే హుక్ అనే కోడ్‌లోకి మార్చాను. ఇప్పుడు టెర్మినల్‌లో సగం రాసిన బఫర్‌నే (ఈమాక్స్‌లో తెరిచి ఉన్న టెక్స్ట్) విండోలో తెరిచి కొనసాగిస్తున్నా. మౌస్ సంగతి ఇంకా చూడలేదు, అవసరమూ రాలేదు.